తొలి బేస్ గిటార్: రంగు కాదు, మెడ చూడండి

బేస్ గిటార్‌కు మామూలుగా తీగలు నాలుగే. మరి ఆరు తీగల గిటార్ కన్నా అంత పొడుగెందుకు? మంద్రస్వరం గట్టిగా పలకాలంటే తీగ లావుగా, పొడుగ్గా ఉండాలి. 1951లో లియో ఫెండర్ తెచ్చిన బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. అందులో లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. గిటార్‌లోది 82 సార్లు. వేళ్లు అందకపోతే 30 అంగుళాల షార్ట్ స్కేల్ హాయి.

తక్కువ ఖర్చంటే సెకండ్ హ్యాండే. లావు తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టండి. మధ్యలో విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే మంచిదే. వేలే దూరేట్టుంటే మెడ వంగింది. మెడ లోపలి కడ్డీని (ట్రస్ రాడ్) బిగిస్తే సరవుతుందేమో తెలిసినవాళ్లకు చూపించాకే డబ్బివ్వండి. ప్రతి ఫ్రెట్ మీదా మీటి, ఎక్కడ గరగరమంటుందో వినండి.

నెల్లూరు తీరాన మైపాడు, కృష్ణపట్నం వైపు ఇంకో చిక్కుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచి, తీగలకూ స్క్రూలకూ తుప్పు తెస్తుంది. బేస్ తీగల సెట్టు చౌక కాదు! వాయించాక పొడి నూలుగుడ్డతో తుడవాల్సిందే.

యాంప్ తర్వాత కొనొచ్చు, మొదట హెడ్‌ఫోన్ యాంప్ చాలు. ఫోన్ స్పీకర్‌ని మాత్రం నమ్మొద్దు. అంత చిన్నది మంద్రస్వరానికి కావలసినంత గాలిని కదిలించలేదు. మన నెల్లూరు ఎస్పీ బాలు పాడిన ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్‌లో వినండి, గొంతు కింద బేస్ నడక విడిగా తెలుస్తుంది.