ముక్కు కొన మీది పొక్కు

ఆర్మూరులో పసుపు తవ్వే కాలమూ, పిల్లలకు ఆటలమ్మ పోసే కాలమూ దాదాపు ఒకటే: చలి తగ్గి ఎండ ముదిరే రోజులు. పొక్కులు మానిపోతాయి, వైరస్ మాత్రం పోదు. నరాల ముడుల్లో నక్కి ఉండి, చాలామందికి యాభై దాటాక సర్పిగా లేస్తుంది. అది నుదుటి మీద లేస్తే గురి కంటికి!

● సర్పిలో మనవాళ్లు పామును చూస్తే, గ్రీకువాళ్లు నడికట్టును చూశారు. ‘జోస్టర్’ అంటే అదే. పాము తలా తోకా కలిస్తే మనిషి దక్కడని ఊళ్లలో ఓ భయం. నిజానికి ఒక్కో నరానికి ఒంట్లో ఒక పక్కే పొలం. పొక్కులు నడిగట్టు దాటడం అరుదు.

● ముఖానికి స్పర్శనిచ్చే నరానికి మూడు పాయలు. పై పాయ నుదుటికీ కంటికీ పోతుంది. సర్పి వచ్చినవాళ్లలో 10 నుంచి 20 శాతం మందికి అది ఈ పాయలోనే లేస్తుంది. పొక్కుల కంటే ముందే ఒక పక్క నుదురు మండుతుంది. తలనొప్పి అనుకుని బిళ్ల వేసుకునేది అప్పుడే.

● ముక్కు కొనకూ కంటికీ పోయే నరపు కొమ్మ ఒక్కటే. అందుకే ముక్కు కొన మీద పొక్కు కనిపిస్తే కంటికి ముప్పేనని 19వ శతాబ్దంలోనే లండన్ సర్జన్ జొనాథన్ హచిన్సన్ గుర్తించాడు. వైద్యులు నేటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ముక్కు మీద పొక్కు లేదు కదా అని ధీమా పడకూడదు, కన్ను అప్పుడూ దెబ్బతినవచ్చు.

● నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలో, చర్మంలో కంటే వందల రెట్లు ఎక్కువ నరాల కొసలుంటాయి. వైరస్ వాటిని చంపేస్తే నలుసు పడ్డా తెలియదు. నొప్పి లేదని మురిసేలోపు పుండు పడుతుంది.

● సర్పి చెవి దగ్గరి నరంలో లేస్తే మూతి వంకర పోతుంది, రెప్ప మూతపడదు, వినికిడి తగ్గవచ్చు. చాలామంది పక్షవాతం అనుకుంటారు. 1907లో దీన్ని వివరించినవాడు అమెరికా వైద్యుడు రామ్సే హంట్. 2022లో గాయకుడు జస్టిన్ బీబర్‌కు వచ్చింది ఇదే.

● పొక్కులు మానిన మూడు నెలలకూ మంట తగ్గకపోతే అది నరం మిగిల్చిన నొప్పి. దువ్వెన తగిలినా, ఫ్యాను గాలి సోకినా ప్రాణం విలవిల్లాడుతుంది.

● సర్పి ఉన్న తాత నుంచి మనవడికి సర్పి రాదు. పొక్కుల రసి తగిలితే ఆటలమ్మ రావచ్చు.

● సర్పికి వాడే ఎసైక్లోవిర్ మందు గెర్ట్రూడ్ ఎలియన్ బృందం కృషి. 1988లో నోబెల్ పంచుకున్నవారిలో ఆమె ఒకరు. యాభై దాటినవాళ్లకు రెండు డోసుల టీకా 2023లో మన దేశానికి వచ్చింది.

● పసుపు ఊళ్లో పొక్కు లేస్తే చెయ్యి ముందు పసుపు డబ్బా మీదికే పోతుంది. పసుపు ముద్ద నరంలోని వైరస్‌ను చేరలేదు, కంట్లో పడితే అదో కొత్త బాధ. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలూ ముప్పే.

● మందు బాగా పనిచేసేది పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే. ఉడికించిన పసుపు కల్లంలో ఎండడానికి పది, పదిహేను రోజులు పడుతుంది. కన్ను అన్నాళ్లు ఆగదు. దానికున్న గడువు మూడు రోజులే.