కావలివాళ్ళకు “ఇక చాలు” అని చెప్పేదెవరు?

పిల్లలూ! హైదరాబాదులో మాదాపూరు వైపు వెళ్ళినవారు హైటెక్ సిటీని చూసే ఉంటారు. ఒకప్పుడు అక్కడ రాళ్ళూ గుట్టలూ ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ అనే భవనం వెలిసింది. ఆ తరవాత చుట్టూ అద్దాల మేడలు లేచినవి. ప్రతి మేడ దగ్గరా కావలివాళ్ళుంటారు. పనిచేసేవాళ్ళు మెడలోని కార్డును తలుపు పక్కనున్న చిన్న పెట్టెకు చూపితే తలుపు తెరుచుకుంటుంది. ఒక కంపెనీ కార్డుకు ఇంకొక కంపెనీ తలుపు తెరుచుకోదు.

మన ఒంట్లో కూడా ఇటువంటి ఏర్పాటే ఉన్నదంటే నమ్ముతారా?

రక్తంలోని తెల్లకణాలు మన కావలివాళ్ళు. అవి రోగక్రిములను పట్టి చంపుతవి. అయితే వాటితో ఒక చిక్కున్నది. మనకు మేలు చేయవచ్చిన పరాయి కణాలను కూడా అవి శత్రువులనే అనుకుంటవి. ఆ చిక్కు ఎంత పెద్దదో, అదే హైదరాబాదులో బంజారాహిల్స్‌లో ఉన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో జరిగే ఒక చికిత్స చూస్తే తెలుస్తుంది. ఈ సంస్థను 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించారు. సినిమా దర్శకుడు ఎల్.వి. ప్రసాద్‌గారు స్థలమూ, ధనమూ ఇచ్చారు.

తాంబూలంలోకి వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు ఆడుకుంటూ నొక్కితే, అది చిట్లి కంట్లో పడవచ్చు. అప్పుడు చూపే పోవచ్చు. ఎందుకో తెలుసా? నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలాంటి పొర ఒకటి ఉన్నది. దాని పేరు కార్నియా. దాని పైచర్మం రోజూ అరిగిపోతూ, మళ్ళీ పుడుతూ ఉంటుంది. దాన్ని పుట్టించేవి నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచున ఉండే మూలకణాలు. సున్నం ఆ మూలకణాలను కాల్చివేస్తే అద్దం మసకబారిపోతుంది.

ఒక కన్నే పాడైతే ఉపాయమున్నది. మంచి కంటి అంచునుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దాన్ని ఎనిమిది పది తునకలు చేసి, పాడైన కంటి మీద అతికిస్తారు. తునకల్లోని మూలకణాలు వరిమడిలో నాట్లలాగా నాటుకొని, కొత్త చర్మాన్ని పరుస్తవి. ఈ సులువైన పద్ధతిని డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, ఆయన సహచరులు ఈ సంస్థనుంచే 2012లో లోకానికి తెలియజేశారు. మూలకణాలు రోగివే కనుక కావలివాళ్ళు ఏమీ అనరు.

మరి రెండు కళ్ళూ కాలిపోతే? అమ్మ కంటినుంచో, అన్న కంటినుంచో మూలకణాలు తేవాలి. కన్నతల్లివే అయినా, కావలివాళ్ళకు అవి పరాయివే! వెంటనే మీదపడతారు. అందుకని వాళ్ళను అణచే మందులు ఇవ్వవలసి వస్తుంది. కావలివాళ్ళంతా జోగితే దొంగలకు పండుగ కదా? రోగక్రిములకూ అంతే.

కావలివాళ్ళను నిద్రపుచ్చకుండా, “ఇక చాలు, శాంతించండి” అని చెప్పగలిగితే ఎంత బాగుండును! ఆ మాట చెప్పే నేర్పు మన శరీరానికే ఉన్నది. ఎముకల మజ్జలో ఒక రకం మూలకణాలు పక్కనున్న తెల్లకణాలను శాంతపరచగలవు. అవి రసాయనాలను పంపుతవి. ఆ రసాయనాలే కార్డులు. కణం మీద వాటిని గుర్తించే పెట్టెలను గ్రాహకాలంటారు.

ఈ గ్రాహకాలలో ఒక జాతికి కన్నాబినాయిడ్ గ్రాహకాలని పేరు. గంజాయి మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కన్నాబిస్. ఆ మొక్కలోని మత్తు పదార్థం వీటికి అతుకుతుంది కనుక ఆ పేరు వచ్చింది. మొదటి రకం గ్రాహకం మెదడులో ఎక్కువ. 1993లో బయటపడ్డ రెండవ రకం ముఖ్యంగా కావలి కణాల మీద ఉంటుంది.

మరి ఈ పెట్టెలు గంజాయి కోసమే పుట్టినవా? కానే కాదు. వాటికి సరిపడే కార్డులను శరీరమే తయారుచేసుకుంటుంది. 1992లో జెరూసలేములో రఫాయెల్ మెషూలమ్‌గారి బృందం పంది మెదడునుంచి అలాంటి పదార్థాన్ని మొదటిసారి వేరుచేసింది. దానికి ఏం పేరు పెట్టారనుకున్నారు? మన “ఆనందం” అనే మాటనే తీసుకొని “ఆనందమైడ్” అన్నారు!

మజ్జలోని ఆ మూలకణాల మీద కూడా ఈ గ్రాహకాలు కనిపించినవి. కావలి కణాల మీది గ్రాహకాన్ని తాకి వాటి ఆవేశాన్ని తగ్గించడం ప్రయోగశాలల్లో సాధ్యమైంది. అయితే, అమ్మ ఇచ్చిన మూలకణాలను బిడ్డ కంట్లో ఈ దారిన కాపాడే వైద్యం ఇంకా రాలేదు.

ఇది విని గంజాయి మంచిదనుకునేరు సుమా! అది దొంగ కార్డు వంటిది. మెదడులోని తలుపులన్నీ వేళాపాళా లేకుండా తెరిచి, ఎదిగే పిల్లల జ్ఞాపకశక్తినీ, ఏకాగ్రతనూ పాడుచేస్తుంది. మన దేశంలో 1985 నాటి చట్టం ప్రకారం దాన్ని దగ్గర ఉంచుకోవడమే నేరం.

పెద్దలకు ఒక మాట: సున్నం పిల్లలకు అందనిచోట పెట్టండి. కంట్లో పడితే క్షణం ఆలస్యం చేయక, మంచినీళ్ళు ధారగా పోసి చాలాసేపు కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోండి. పోయిన మూలకణాలను తిరిగి తేవడంకన్నా, ఉన్నవాటిని కాపాడుకోవడం ఎంతో తేలిక.