కఠిన ప్రదర్శనకళా శిక్షణలో లాభనష్టాలు: అమీర్‌పేట, పంజాగుట్ట నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నృత్య, సంగీత, నాటక శిక్షణాలయాల్లోని కఠినమైన సాధనక్రమం విద్యార్థికి ఏమిస్తుంది, విద్యార్థి నుంచి ఏమి తీసుకుంటుంది అనే అంశాన్ని మధ్య హైదరాబాదు నేపథ్యంలో ఈ వ్యాసం చర్చిస్తుంది. కళకు సహజంగా అవసరమైన కఠినత వేరని, సంస్థలు అలవాటుగా విధించే కఠినత వేరని, కుటుంబాల అభ్యంతరానికి మూలం శ్రమ కంటే శిక్షణ మధ్యలో దిగే మెట్లు లేకపోవడమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రదర్శనకళలు, కూచిపూడి, కర్ణాటక సంగీతం, సాధన, అమీర్‌పేట, ఇంటర్మీడియట్ విద్య

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేట అనగానే తెలుగువారికి శిక్షణకేంద్రాలు గుర్తుకు వస్తాయి. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టుపక్కల గోడలు కనిపించనంతగా జావా, ఒరాకిల్, శాప్ బోర్డులు వేలాడుతుంటాయి. జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు హాస్టళ్ళలో నలుగురైదుగురు ఒక్కో గదిలో సర్దుకొని, పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు చొప్పున నేర్చుకుంటారు. కోర్సు నెలల్లో ముగుస్తుంది. ఉద్యోగం రాకపోతే మరో కోర్సులో చేరతారు. ఇక్కడ నష్టాన్ని కూడా నెలల్లోనే లెక్కగట్టవచ్చు.

కళాశిక్షణకు ఈ లెక్క సరిపోదు. సరళీ వరుసలతో మొదలుపెట్టిన పిల్ల జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతులు దాటి వర్ణం పాడే స్థితికి రావడానికి కొన్నేళ్ళు పడుతుంది. కూచిపూడిలో అడుగులు మూడు కాలాల్లో స్థిరపడి, శబ్దం, తరంగం వంటి అంశాలను ఒంటరిగా నిలిచి ఆడగలగడానికీ అంతే. పైగా ఆ ఏళ్ళు ఏ వయసులోనైనా గడపదగినవి కావు. తుంటి, మోకాలు, గొంతు, చెవి ఇంకా రూపుదిద్దుకొంటున్న దశలోనే వాటిని మలచాలి. ఇరవై రెండేళ్ళకు జావా మొదలుపెట్టినవారికి ఆలస్యమైందని ఎవరూ చెప్పరు. ఆ వయసులో అరమండి మొదలుపెట్టినవారికి గురువు చెప్పకపోయినా తొడలే చెబుతాయి.

అమీర్‌పేటకు కళలతో సంబంధం లేదనుకోవడం మాత్రం పొరపాటు. 1956లో ఏర్పడిన సారథి స్టూడియో ఈ పేటలోనే ఉంది. తెలుగు చిత్రపరిశ్రమ హైదరాబాదుకు తరలిరావడంలో అది తొలి మజిలీ. మెట్రో ఎర్ర మార్గంలో అమీర్‌పేట నుంచి పంజాగుట్ట, ఇర్రంమంజిల్, ఖైరతాబాదు దాటితే లక్డీకాపూల్, అసెంబ్లీ స్టేషన్లు వస్తాయి. 1961లో ప్రారంభమైన రవీంద్రభారతి, పబ్లిక్ గార్డెన్స్‌లోని తెలుగు విశ్వవిద్యాలయ ప్రాంగణం ఆ పరిసరాల్లోనే ఉన్నాయి. నెలల చదువుకూ ఏళ్ళ చదువుకూ మధ్య దూరం మెట్రోలో అయిదు స్టేషన్లు.

2. శిక్షణ రూపాలు

ఈ ప్రాంతంలో నివసించే విద్యార్థికి అందుబాటులో ఉన్న వాటిలో పాతది ప్రభుత్వ సంగీత కళాశాల. రాంకోఠీలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నాటిది. సికింద్రాబాదులో శ్రీ భక్త రామదాసు కళాశాల ఉంది. నాలుగేళ్ళ సర్టిఫికెట్, ఆపై రెండేళ్ళ డిప్లొమా అనే రెండంచెల క్రమం ఇక్కడ అమల్లో ఉంది. రుసుము స్వల్పం. బడి చదువు మానుకోనక్కరలేదు. 1985లో స్థాపితమై, ఇటీవల సురవరం ప్రతాపరెడ్డి పేరును ధరించిన తెలుగు విశ్వవిద్యాలయం, 1988లో మొదలైన హైదరాబాదు విశ్వవిద్యాలయపు సరోజినీ నాయుడు స్కూల్ నృత్య, నాటక రంగాల్లో ఉన్నత విద్యను అందిస్తున్నాయి. వీటన్నిటికంటే ఎక్కువమంది పిల్లలు చేరేది వీధి చివరి గురువు వద్ద, అపార్టుమెంటు సెల్లారులోనో మేడమీదనో వారానికి రెండు మూడు రోజులు జరిగే తరగతుల్లో.

పూర్తికాల శిక్షణ కావాలంటే ఊరు దాటక తప్పదు. కృష్ణా జిల్లా కూచిపూడిలోని సిద్ధేంద్రయోగి కళాపీఠం, 1936లో రుక్మిణీదేవి అరండేల్ చెన్నైలో నెలకొల్పిన కళాక్షేత్ర ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. మదనపల్లెలో జన్మించిన యామినీ కృష్ణమూర్తి కళాక్షేత్రలోనే నేర్చుకున్నారు.

3. కఠినత ఇచ్చేది

ప్రయోజనాల జాబితాలో సాధారణంగా క్రమశిక్షణ, ఆత్మవిశ్వాసం అనే మాటలు ముందుంటాయి. అవి ఎన్.సి.సి.లోనూ దొరుకుతాయి, క్రికెట్‌లోనూ దొరుకుతాయి. కళాశిక్షణకే ప్రత్యేకమైన లాభాన్ని మరోచోట వెతకాలి. ఒకే జతిని వందలసార్లు ఆడినప్పుడు అడుగు ఆలోచన అవసరం లేని స్థితికి చేరుతుంది. అప్పుడు ముఖం అభినయానికి, చెవి మృదంగానికి, మనసు పాత్రకు ఖాళీ అవుతాయి. భామాకలాపంలో సత్యభామ జడ వేసే తీరు ప్రేక్షకుణ్ణి కదిలించాలంటే పాదం లెక్కను నర్తకి అప్పటికే మరచి ఉండాలి. ఈ మరపు వారానికి రెండు గంటల తరగతితో రాదు.

వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీ దీనికి మంచి నిదర్శనం. అడుగులకు ఒక క్రమం ఏర్పరచి, శిష్యులను నృత్యనాటకాల్లో ఏళ్ళ తరబడి కలిపి ఆడించడం అక్కడి పద్ధతి. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామగా, పద్మావతిగా, చండాలికగా పేరు పొంది, హైదరాబాదులో కూచిపూడి శిక్షణకు దశాబ్దాల పాటు నాయకత్వం వహించారు. ఒక బృందంలో పెరగడం వల్ల కలిగే మేలు ఇక్కడ గమనించాలి. ఒంటరిగా నేర్చుకొనే పిల్లకు గురువు ఒక్కరే అద్దం. పదిమందితో ఆడే పిల్ల తన తప్పును పక్కవారి పాదంలో చూస్తుంది.

ఇంకా వెనక్కి వెళితే 1919లో ఏర్పడిన విజయనగరం మహారాజా సంగీత కళాశాల కనిపిస్తుంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. అక్కడ విద్యార్థిగా చేరబోయిన ద్వారం వెంకటస్వామినాయుడిని ఏకంగా ఆచార్యునిగా నియమించారని చెబుతారు. ఏ కళాశాలకైనా ఇంతకంటే మంచి ప్రవేశపరీక్ష ఉండదు. ఘంటసాల వెంకటేశ్వరరావు అదే విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి శిష్యరికంలో చదువుకుంటూ, ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తి పొట్ట నింపుకున్నారు. ఈ ఉదంతాన్ని కష్టానికి ప్రశస్తిగా చెప్పడం మన అలవాటు. కాని ఆయన గొంతును తయారుచేసింది ఆకలి కాదు. గురువు ఇంటి శుశ్రూష, ఎడతెగని సాధన తయారుచేశాయి. ఆకలి ఆ ఏర్పాటులోని లోపం మాత్రమే. కఠినతలో ఏది కళకు చెందినది, ఏది కేవలం పరిస్థితి అని విడదీసి చూడకపోతే లోపాలు కూడా సంప్రదాయంగా స్థిరపడతాయి.

4. కఠినత తీసుకునేది

మొదటి మూల్యం శరీరానిది. మన శాస్త్రీయ నృత్యాలు చెప్పులు లేని పాదంతో నేలను బలంగా తట్టేవి. పాశ్చాత్య బాలే శాలల్లో కింద కాస్త సాగే చెక్క నేల వేస్తారు. నగరంలోని సెల్లారులో ఉండేది సిమెంటు, గ్రానైటు, లేదా టైల్సు. ఆ దెబ్బ మడమ నుంచి మోకాలికి, నడుముకు చేరుతుంది. నర్తకుల్లో గాయాలు ప్రధానంగా కాళ్ళకే అవుతాయన్నది ప్రపంచమంతటా తెలిసిన విషయం. అరమండిలో పాదాలు పక్కలకు తిరిగే మేర తుంటి నుంచి రావాలి. తుంటి తిరగని పిల్ల మోకాలిని మెలిపెట్టి ఆ ఆకృతిని చూపిస్తుంది. చూసేవారికి తేడా తెలియదు, మోకాలికి తెలుస్తుంది. గాయకుల విషయంలో మగపిల్లల గొంతు మారే దశ కీలకం. ఆ నెలల్లో శ్రుతి దించి, సాధన తగ్గించాలి. పోటీ దగ్గరపడిందని పాత శ్రుతిలోనే పాడించడం కఠినత పేరుతో జరిగే అజాగ్రత్త.

రెండవది గురువు చేతిలో కేంద్రీకృతమయ్యే అధికారం. పాఠం, వేదిక, పాత్ర, సిఫారసు అన్నీ ఒకే వ్యక్తి నుంచి రావలసి ఉన్నప్పుడు ప్రశ్నించడం కష్టం. 2023లో కళాక్షేత్ర విద్యార్థులు లైంగిక వేధింపులను ఆరోపిస్తూ ఆవరణలోనే ఆందోళనకు దిగారు. ఒక పూర్వవిద్యార్థిని ఫిర్యాదుపై పోలీసులు ఒక అధ్యాపకుణ్ణి అరెస్టు చేశారు. దేశంలో అత్యంత గౌరవం పొందిన సంస్థలోనే ఫిర్యాదు వీధికెక్కవలసి వచ్చిందన్నది ఇక్కడి పాఠం. 2013 నాటి చట్టం పదిమంది లేదా అంతకుమించి పనిచేసే చోట అంతర్గత ఫిర్యాదుల సంఘాన్ని తప్పనిసరి చేసింది. ఒకే గురువు నడిపే చిన్న తరగతిలో అటువంటి సంఘానికి చోటే లేదు. అక్కడ తల్లిదండ్రులు తలుపు దగ్గర కూర్చోగలగడమే రక్షణ. దాన్ని అనుమతించని క్రమశిక్షణను అనుమానించవలసిందే.

మూడవది సాధారణ చదువు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి నాటక సమాజాల్లో కుటుంబమే పాఠశాల. చంకబిడ్డగా రంగస్థలమెక్కినవారు పెరిగేకొద్దీ కృష్ణుడు, నారదుడు, హార్మోనియం, తెర, దీపాలు అన్నీ నేర్చుకుంటారు. అంతకంటే సమగ్రమైన నాటకశిక్షణ తెలుగునేలపై లేదు. అయితే ఊరూరా తిరిగే సమాజంలోని పిల్లలకు బడి నిలకడగా సాగలేదు. ప్రేక్షకులు సినిమాకు మళ్ళినప్పుడు వారికి మరో జీవనోపాధికి కావలసిన చదువు చేతిలో లేకపోయింది.

5. ఇంటర్మీడియట్ అనే మలుపు

నగరంలోని ఏ నృత్యగురువు తరగతిలోనైనా వయసుల వారీగా విద్యార్థులను లెక్కిస్తే ఒకే చిత్రం కనిపిస్తుంది. చిన్నపిల్లలు కిక్కిరిసి ఉంటారు. తొమ్మిది, పది తరగతులకు వరుస పలచబడుతుంది. ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి ఒకరిద్దరు మిగులుతారు. కొందరి విషయంలో రంగప్రవేశమే ముగింపు. హాలు, వాద్యబృందం, ఆహార్యం, వీడియో ఖర్చులన్నీ భరించి తల్లిదండ్రులు జరిపే ఆ ప్రదర్శన పేరుకు ప్రవేశం, వాస్తవానికి వీడ్కోలు.

కళాశిక్షణ మరీ శ్రమతో కూడినదని పిల్లను మాన్పించిన కుటుంబమే ఆమెను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా తరగతులు, స్టడీ అవర్లు నడిచే కార్పొరేట్ కళాశాలలో చేర్పిస్తుంది. కాబట్టి అభ్యంతరం శ్రమ గురించి కాదు. ఫలితం నిశ్చితమా అంటే అదీ కాదు. 2024లో నీట్ రాసినవారు 23 లక్షలకు పైగా ఉంటే ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కాస్త పైన. అదే సంవత్సరం ఐ.ఐ.టి.లన్నిటిలో కలిపి సీట్లు 17,740. ఆ పందెంలోనూ ఓడేవారే ఎక్కువ. అయితే ఓడినవారికి కింద మరో మెట్టు ఉంది: వేరే కళాశాలలో బి.టెక్., బి.ఎస్సీ., ఆ తరువాత కావలిస్తే అమీర్‌పేట. పదేళ్ళు కూచిపూడి నేర్చుకొని మోకాలి గాయంతో పద్దెనిమిదో ఏట ఆగిపోయిన విద్యార్థికి ఆ మెట్టు సిద్ధంగా ఉండదు. కుటుంబాల భయం ఈ పతనం గురించినదే. దాన్ని కళపట్ల అనాదరణ అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ఈ దృష్టితో చూస్తే ప్రభుత్వ కళాశాలల రెండంచెల విధానం పైకి కనిపించేదానికంటే తెలివైనది. నాలుగేళ్ళకు ఆగినా చేతిలో ఒక పత్రం ఉంటుంది. దాని బలహీనతా అక్కడే ఉంది. బడి తరువాత మిగిలిన అలసటతో చేసే సాధనకు లోతు పరిమితం, గొప్ప గాయకుణ్ణి ఆ గంటలు మాత్రమే తయారుచేయలేవు. సి.బి.ఎస్.ఇ. పదకొండు, పన్నెండు తరగతుల్లో కూచిపూడిని ఐచ్ఛికాంశంగా తీసుకొనే వీలుంది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య గోడ ఉండరాదంటుంది. ఎం.పి.సి., బై.పి.సి. గ్రూపుల టైంటేబుల్లో ఆ వాక్యానికి ఇంకా గంట దొరకలేదు.

జీవనోపాధి విషయంలో ప్రదర్శనల కంటే బోధనే ఆధారం. నట్టువాంగం, మృదంగం, వయొలిన్ సహకారం తెలిసినవారికి రంగప్రవేశాల కాలంలో పని దొరుకుతుంది. అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో నేర్పే గురువులు మన తెల్లవారుజామున తరగతులు తీసుకొంటున్నారు. కాలిఫోర్నియాలోని మిల్పిటాస్‌లో ఏర్పడిన సిలికానాంధ్ర విశ్వవిద్యాలయం కూచిపూడి, కర్ణాటక సంగీత కోర్సులను ఆన్‌లైన్‌లోనే నడుపుతోంది. ఈ మార్గాలన్నీ గట్టి శిక్షణ పొందినవారికే తెరుచుకుంటాయి. అరకొరగా నేర్చినవారికి కాదు.

6. చేరే ముందు పరిశీలించవలసినవి

శిక్షణాలయం గొప్పతనాన్ని గోడమీది పతకాలతో కొలవడం పరిపాటి. అంతకంటే ఉపయోగపడే ప్రశ్నలున్నాయి. నేల దేనితో వేశారు? గాయమైన విద్యార్థికి విశ్రాంతి ఇస్తారా, బృందం నుంచి తొలగిస్తారా? పదవ తరగతి పరీక్షల నెలల్లో సాధనను తగ్గించే పద్ధతి ఉందా? తరగతిని తల్లిదండ్రులు చూడవచ్చా? మధ్యలో మానినవారు ఇప్పుడేం చేస్తున్నారో గురువు చెప్పగలరా? పేరు పొందిన శిష్యుల గురించి ఏ సంస్థ అయినా చెబుతుంది. మానినవారి గురించి చెప్పగలిగేది వారిని గుర్తుపెట్టుకున్న సంస్థ మాత్రమే.

ఆర్థిక సహాయం సంగతీ ముందే చూసుకోవాలి. మాదాపూర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్న సి.సి.ఆర్.టి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలను ఎంపిక చేసి ఉపకారవేతనం ఇస్తుంది. ఎంపికైనవారికి అది తరువాతి ఏళ్ళలోనూ కొనసాగే వీలుంది. మరొక పథకం కింద 18 నుంచి 25 ఏళ్ళ యువకళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్ళపాటు అందుతుంది. మొదటిదానిలో ఎంపిక కాని విద్యార్థికి 15, 16, 17 ఏళ్ళ వయసులో ఈ రెండింటిలో దేనికీ దరఖాస్తు చేసే అర్హత లేదు. ఆ మూడేళ్ళూ పదవ తరగతివి, ఇంటర్మీడియట్‌వి.