నిద్రమొహం కాదు, నెత్తురు లేని మొహం!

“నాలుగు తగిలించండి టీచర్ గారండీ! ఇంట్లోనూ ఇంతే, ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర.”

మూడో తరగతి చదివే కూతుర్ని నా ముందు నిలబెట్టి ఓ తల్లి అన్న మాట ఇది. 2019 ఫిబ్రవరి. కూలీల పేటలో ఉంది మా బడి. నిజం చెప్పొద్దూ, ఆ పిల్లకి ‘నిద్రమొహం’ అని పేరు పెట్టింది నేనే. ఎక్కం చెప్పమంటే ఆవలింతలు. ఆటల పీరియడ్‌లో గోడకి చేరబడేది. బలపాలు తింటోందని రెండుసార్లు చేతి మీద కొట్టాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ వారమే బడికొచ్చిన నర్సమ్మ పిల్ల కింది కనురెప్ప లాగి చూసింది. లోపల తెల్లగా సున్నం కొట్టినట్టుంది! ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్తే రక్తం 7 గ్రాములే ఉందన్నారు. మల పరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. బలపాలు తినడం కూడా రక్తం తగ్గినవాళ్లలో కనిపించే లక్షణమేనట.

వాళ్లమ్మ మాత్రం “బెల్లం దొంగతనంగా తింటాదండీ, అందుకే పురుగులు” అంది. మనలో చాలామంది అనుకునేదీ అదే కదూ! నేనూ మా పిల్లలకి అందకుండా బెల్లం డబ్బా అటకెక్కించిన దాన్నే. కానీ పురుగులకీ తీపికీ సంబంధం లేదు. బయలుకెళ్లినవాళ్ల మలంతో గుడ్లు నేలలో కలుస్తాయి. తడినేలలో అవి పిల్ల పురుగులై, చెప్పుల్లేని పాదం తగిలితే చర్మంలోంచే లోపలికి దూరతాయి. రక్తంలో పడి ఊపిరితిత్తులకి, అక్కణ్ణించి గొంతులోకి, చివరికి పేగుల్లోకి చేరతాయి. ఇక అక్కడే అతుక్కుని నెత్తురు తాగుతాయి. ఏలికపాముల దారి వేరు. వాటి గుడ్లు గోళ్లలో మట్టితోనూ, కడగని కూరగాయలతోనూ నోట్లోకి పోతాయి. ఒక్క ఆడ ఏలికపాము రోజుకి 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది!

మరి 2015 నుంచీ నులిపురుగుల దినం అని బడుల్లో, అంగన్‌వాడీల్లో మాత్రలిస్తున్నారు కదా అంటారా? 1 నుంచి 19 ఏళ్ల వాళ్లకి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, రెండేళ్లలోపు వాళ్లకి సగం. నమిలి మింగాలి. ఆ రోజు మా నిద్రమొహం బడికి రానేలేదు. “పోయినేడు పక్కింటి పిల్లకి వాంతులయ్యాయండీ, భయమేసి ఆపేశాను” అంది తల్లి. ఆ భయాన్ని తప్పు పట్టలేం. కడుపులో పురుగులు ఎక్కువున్న పిల్లలకి అవి చచ్చేటప్పుడు కాస్త వికారం, కడుపునొప్పి వస్తాయి. కాసేపు పడుకోబెట్టి నీళ్లిస్తే తగ్గిపోతుంది. జ్వరంతో ఉన్న పిల్లలకి మాత్రం ఆ రోజు ఇవ్వకూడదు, తగ్గాక ఇవ్వాలి. ఈ రెండు ముక్కలూ ముందే ఆ తల్లికి చెప్పాల్సింది మేము. చెప్పలేదు.

మాత్ర వేశాం. డాక్టరు గారు చెప్పినన్నాళ్లూ ఐరన్ మందు నా చేత్తోనే పట్టించాను. వేసవి సెలవులయ్యాక చూస్తే, తొక్కుడుబిళ్లలో ఆ పిల్లతో గెలిచేవాళ్లే లేరు! ఆగస్టు మాత్రల రోజున వాళ్లమ్మ వీధిలో పిల్లలందర్నీ వెంటేసుకుని వచ్చింది.

అయితే మాత్ర ఉన్న పురుగుల్ని చంపుతుందంతే, కొత్తవి రాకుండా ఆపలేదు. పేటలో మరుగుదొడ్లు కట్టారు గానీ, నీళ్లు మోసుకోలేక ఇంకా కాలవగట్టుకే వెళ్తున్నారు. 2020లో సర్కారు కిట్లో బూట్లొచ్చాయి. మర్నాడు పిల్ల వట్టి కాళ్లతోనే దిగింది!

“బూట్లేవే?”

“పాడైపోతాయని అమ్మ పెట్టెలో దాచింది టీచర్. సంక్రాంతికి వేసుకుంటా.”

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సాయంత్రం బజారుకెళ్లి రబ్బరు చెప్పుల జత కొనిచ్చాను. వాటిని మాత్రం ఎవరూ దాచలేదు. మడమ దగ్గర చిల్లు పడేదాకా తొక్కింది.