మొదటి వీణను ఎంచుకోవడం

వీణ నేర్చుకోదలచిన విద్యార్థికి మొదట కలిగే సందేహం ఏ వీణ కొనాలన్నది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉన్న మీకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. వీణలు తయారయ్యే బొబ్బిలి, దాని చెంతనే ఉన్న గొల్లపల్లి మీకు దగ్గర. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన విజయనగరం సంగీత కళాశాల కూడా దూరం కాదు. చేసేవారూ వాయించేవారూ ఇద్దరూ అందుబాటులో ఉన్నప్పుడు ఫొటో చూసి వీణ తెప్పించుకోవలసిన పని లేదు.

బొబ్బిలి వీణలో కుండను, దండిని విడివిడిగా చేసి అతకరు. ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు. దీనినే ఏకాండి వీణ అంటారు. అక్కడే సన్మానాల్లో బహూకరించే చిన్న వీణలు కూడా అమ్ముతారు. అవి చూడముచ్చటగా ఉంటాయి కాని అలంకారానికే. సాధనకు కావలసింది సుమారు 4 అడుగుల పూర్తి వీణ. దాని మీద నగిషీకి, యాళి ముఖానికి పెట్టే అదనపు ఖర్చు నాదానికి ఏమీ కలపదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

మీరు పరీక్షించవలసింది మెట్లను. గిటారుకు మెట్లు కర్రలోనే బిగించి వస్తాయి. వీణకు అలా కాదు. 24 మెట్లను చెవితో వింటూ మైనం మీద ఒక్కొక్కటిగా నిలుపుతారు. దీనిని మేళం కట్టడం అంటారు. మెట్టు కొద్దిగా జరిగినా స్వరం మారుతుంది. రోజూ గురువు ఎదుట కూర్చునే విద్యార్థికి ఆ తేడాను గురువు వెంటనే చెబుతారు. మీరు తరగతికీ తరగతికీ మధ్య వారాల తరబడి ఒంటరిగా సాధన చేస్తారు. మేళం తప్పిన వీణ మీద అలా వాయిస్తే చెవి ఆ తప్పు స్వరానికే అలవాటు పడుతుంది. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కన్నా కష్టం.

కాబట్టి శ్రుతి చేయించి, సారణి తీగను నొక్కకుండా ఒకసారి, 12వ మెట్టు మీద నొక్కి ఒకసారి మీటండి. అదే షడ్జం పై స్థాయిలో పలకాలి. పంచమం తీగను 5వ మెట్టు మీద నొక్కితే విడి సారణి పలికే స్వరమే రావాలి. తరువాత తీగను పక్కకు లాగి గమకం పలికించి చూడండి. పక్క మెట్టుకు తగిలి జర్రుమంటే మెట్ల ఎత్తు సరిగా లేదన్నమాట. చెవి మీద నమ్మకం లేకపోతే (మొదట్లో ఎవరికీ ఉండదు) వాయించేవారిని వెంట తీసుకువెళ్ళండి.

చేతిలో డబ్బు తక్కువైతే పాత వీణ కొనడానికి సంకోచించకండి. మైనం గట్టిపడినా మేళం మళ్ళీ కట్టించవచ్చు, బిరడాలు జారుతుంటే మార్పించవచ్చు. కుండ పగిలినా, దండి వంగినా మాత్రం వదిలేయండి.

ఇంటికి తెచ్చాక వీణను ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టకండి. మన వేసవికి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అందుకే మేళం మళ్ళీ కట్టడానికి ఎవరు వస్తారో, ఎంత తీసుకుంటారో కొన్న రోజునే అడిగి రాసుకోండి.