తొమ్మిది కిలోమీటర్ల బాకీ

నలభయ్యారేళ్ల తెలుగు మేస్టారికి మారథాన్ పరుగేమిటని మీరు నవ్వవచ్చు. మా యింట్లో ముందే నవ్వేశారు. కాని మా నాన్నగారు నలభై ఎనిమిదో ఏట గుండెపోటుతో పోయారు. రెండేళ్ల క్రితం డాక్టరుగారు నా రక్తంలో చక్కెర చూసి, "నోరొక్కటే కాదు మేస్టారూ, కాళ్లు కూడా ఆడాలి!" అన్నారు. నడక మొదలుపెట్టాను. నడక పరుగైంది. మొన్న జనవరిలో రాజమండ్రి గోదావరి గట్టు మీద పెట్టిన మారథాన్‌కు పేరిచ్చాను.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన ఆ దూరమే 1921లో లోకానికంతటికీ కొలత అయింది. 1960లో రోమ్‌లో ఇథియోపియా వీరుడు అబెబే బికిలా అంత దూరమూ వట్టి కాళ్లతో పరిగెత్తి గెలిచాడని క్లాసులో కథగా చెబుతూంటాను. కథ చెప్పడం వేరు గదా!

బయల్దేరేముందు మా ఆవిడ, "ఏమండీ, కళ్లు తిరిగితే ఆగిపోతారు గదూ?" అంది. ఆగుతానని మాటిచ్చాను.

ధవళేశ్వరం దాకా వెళ్లి తిరిగి రావాలి. అలా మూడు విడతలు. తెల్లవారుజామున, మంచులో, నా శిష్యులు నలుగురు నన్ను దాటిపోయారు. నాకు రోషం వచ్చింది. "నిదానమే ప్రధానం" అని యిరవయ్యేళ్లుగా చెబుతున్న నోరు నాదే. ఆ పూట కాళ్లు వినలేదు. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించిన చోట యిప్పుడు బ్యారేజీ ఉంది. అంతటి గోదావరినీ అక్కడ నిలిపి, కాలువలకు కొలిచి వదులుతారు. ఆ గేట్లు చూస్తూ పరిగెత్తానే గాని, నా బలాన్నీ కొలిచి వాడుకోవాలని తోచలేదు.

మన ఒంట్లో పిండిపదార్థపు నిల్వ సుమారు ముప్పై కిలోమీటర్లకు అడుగంటుతుంది. తొందరపడ్డవాడికి యింకా ముందే. ముప్పైమూడో కిలోమీటరు దగ్గర నా కాళ్లు దిమ్మలైపోయాయి. గట్టూ గోదావరీ కలిసి గిర్రున తిరిగాయి.

"యింకా తొమ్మిదే గదా, రండి మేస్టారూ!" అన్నాడు పక్కనున్న కుర్రవాడు.

నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. యిచ్చిన మాటా జ్ఞాపకం వచ్చింది. చెట్టు కింద కూర్చుండిపోయాను.

ఆటో దిగగానే మా ఆవిడ, "పూర్తయిందా?" అనలేదు. "కళ్లు తిరిగాయా?" అంది.

"తిరిగాయి. ఆగాను."

ఆవిడ మాట్లాడకుండా మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఆ చెయ్యి యింకా వణుకుతూనే ఉంది.

మర్నాడు క్లాసులో ఒక శిష్యుడు లేచి, "తొమ్మిది కిలోమీటర్లు బాకీ, మేస్టారూ!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వచ్చే జనవరిలో ఆ బాకీ తీరుస్తాను. ఈసారి గేట్లన్నీ ఒక్కసారే ఎత్తను.