గండికోట జలాశయంలో చేపల వేటకు సోనార్ ఎంపిక

పెన్నా నదిపై 26.85 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన గండికోట జలాశయంలో అనేక గ్రామాలు ముంపునకు గురయ్యాయి. నీటి అడుగున మిగిలిన గోడలకు, చెట్ల మోడులకు తగులుకొని వలలు చిరిగితే మత్స్యకారునికి పెట్టుబడి నష్టం వాటిల్లుతుంది. కావున పడవకు సోనార్ ఎంపిక చేసేటప్పుడు గరిష్ఠ లోతు కంటే స్పష్టతకే ప్రాధాన్యమివ్వాలి.

50 కిలోహెర్ట్జ్ తరంగాలు ఎక్కువ లోతుకు చేరుతాయి. 200 కిలోహెర్ట్జ్ తరంగాలు దగ్గరగా ఉన్న చేపను, మోడును వేరుచేసి చూపుతాయి. 20 డిగ్రీల శంకువు 30 మీటర్ల లోతున సుమారు 10.6 మీటర్ల వ్యాసానికి విస్తరిస్తుంది. అందులో ఏ అంచున ఉన్న మోడైనా తెరపై పడవ కిందనే ఉన్నట్లు కనిపిస్తుంది. 10 డిగ్రీల శంకువుతో ఈ వ్యాసం దాదాపు సగానికి తగ్గుతుంది.

జీపీఎస్ కూడా ఉన్న పరికరంలో మోడుల స్థానాలను నమోదు చేసుకుంటే, నీటిమట్టం మారినా వల వేయకూడని తావులు తెలుస్తాయి.